ఇంటి ఇంక్యుబేటర్‌లో నాటుకోడి గుడ్లు పొదిగించడం: గుడ్డు ఏరడం మొదలు పిల్ల ఆరేదాకా

నాటుపెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు వస్తుంది, ఇరవై ఒక్క రోజులు గంపలో కూర్చుంటుంది, ఆ తరువాత పిల్లలను వెంటేసుకుని దాదాపు రెండు నెలలు తిరుగుతుంది. ఇంత కాలమూ అది మళ్లీ గుడ్డు పెట్టదు. గుడ్లను ఎప్పటికప్పుడు తీసి యంత్రంలో పొదిగిస్తే, అదే పెట్ట కొద్ది వారాల్లోనే తిరిగి గుడ్లకు వస్తుంది. పెరట్లో అయిదారు పెట్టలున్న కుటుంబానికి ఇంక్యుబేటర్ ఆలోచన సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి రకాలు పెంచేవారికైతే యంత్రం తప్పదు, ఎందుకంటే ఆ పెట్టలు గుడ్లు ఎక్కువగా పెట్టినా పొదుగుకు రావడం అరుదు.

ఈ మార్గదర్శి యాభై గుడ్ల వరకు పట్టే, లోపల చిన్న ఫ్యాన్ ఉన్న థర్మోకోల్ లేదా ప్లాస్టిక్ ఇంక్యుబేటర్ పెట్టెను దృష్టిలో పెట్టుకుని రాసినది. పిల్లలు రాకపోతే చాలామంది యంత్రం మంచిది కాదనుకుని మరొకటి కొంటారు. నేను చూసినంతలో నష్టం ఎక్కువగా మూడు చోట్ల జరుగుతుంది: గుడ్డు పెట్టెలోకి వెళ్లకముందు దాన్ని నిల్వ చేసిన తీరులో, థర్మామీటర్ తప్పు చూపడంలో, చివరి మూడు రోజుల్లో ఆత్రం కొద్దీ మూత తెరవడంలో. అందుకే ఆ మూడింటి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

గుడ్లు ఏరుకోవడం

పుంజుతో కలిసి తిరిగే పెట్టల గుడ్లే పొదుగుకు పనికొస్తాయి. కిరాణా కొట్టులో అమ్మే ఫారం గుడ్లు పుంజులు లేని షెడ్లలో పెట్టినవి కాబట్టి వాటిని ఎన్నాళ్లు వెచ్చగా ఉంచినా పిల్ల రాదు. ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. కొత్తగా పుంజును వదిలితే పది రోజులు ఆగి గుడ్లు ఏరడం మొదలుపెట్టండి. జాతి కోసం పుంజును మార్చినట్లయితే మూడు వారాలు ఆగాలి, ఎందుకంటే పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు వారాలకు పైగా నిలిచి ఉండగలదు. మరొక మాట: వనరాజ వంటి సంకర రకాల గుడ్లు ఇంట్లో పొదిగిస్తే పిల్లలు వస్తాయి కానీ, తల్లిదండ్రులలో ఉన్న ఎదుగుదల, గుడ్ల సంఖ్య వాటిలో అదే స్థాయిలో ఉంటాయని ఆశించకూడదు. ఏటేటా విత్తనం నిలుపుకోవాలనుకునేవారు అసీల్, కడక్‌నాథ్ వంటి స్థిరమైన జాతులనో, తమ ఊరి నాటుకోళ్లనో ఎంచుకోవడం మేలు.

మొట్టమొదటిసారి గుడ్లకు వచ్చిన లేత పెట్ట పెట్టే చిన్న గుడ్లను వంటకే వాడుకోండి. నాటుకోడి గుడ్డు నలభై అయిదు గ్రాముల చుట్టూ, మామూలు ఆకారంలో, నున్నని పెంకుతో ఉంటే చాలు. మరీ గుండ్రంగా ఉన్నవి, రెండు వైపులా కోసుగా ఉన్నవి, పెంకు గరుకుగా లేదా పలుచగా ఉన్నవి పక్కన పెట్టండి. రెండు గుడ్లను చెవి దగ్గర పెట్టుకుని సుతారంగా తాకిస్తే, పగులున్న గుడ్డు బొంగురు చప్పుడు చేస్తుంది. కంటికి కనిపించని వెంట్రుకవాసి పగుళ్లను పట్టుకోవడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు.

గుడ్లను కడగకూడదు. పెంకు మీద సహజంగా ఒక సన్నని పొర ఉంటుంది, అది వేలాది సూక్ష్మ రంధ్రాల గుండా క్రిములు లోపలికి పోకుండా కాపాడుతుంది. నీళ్లతో తుడిస్తే ఆ పొర పోతుంది, పైగా చల్లటి నీరు తగిలిన గుడ్డు బయటి మురికిని లోపలికి లాక్కుంటుంది. కొంచెం మట్టి అంటితే పొడి గుడ్డతో రుద్దితే చాలు. రెట్ట పూర్తిగా అంటిన గుడ్డును వదిలేయండి, గూట్లో గడ్డిని తరచుగా మారిస్తే అలాంటివి తగ్గుతాయి.

నిల్వ: మన వాతావరణంలో అసలు చిక్కు

గుడ్డు పెట్ట కడుపులో ఉండగానే దానిలోని పిండం కొంత ఎదిగి ఉంటుంది. బయటికి వచ్చి చల్లబడ్డాక ఆ ఎదుగుదల ఆగిపోతుంది, మళ్లీ వేడి తగిలినప్పుడు మొదలవుతుంది. ఈ నిద్ర సరిగా సాగాలంటే గుడ్డు 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండాలి. మన ఇళ్లలో వేసవి మధ్యాహ్నం గది వేడి 35 డిగ్రీలు దాటుతుంది, రాత్రికి 28కి దిగుతుంది. ఆ వేడికి పిండం సగం మేలుకుని, కొద్దిగా పెరిగి, ఆగి, మళ్లీ పెరిగి, చివరికి పెట్టెలోకి వెళ్లకముందే నీరసించి చచ్చిపోతుంది. పైకి గుడ్డు తాజాగానే కనబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పెట్టిన గుడ్లలో సగానికి సగం పోయాయని బాధపడేవారు ముందుగా అనుమానించవలసింది ఇదే.

ఇంటి ఫ్రిజ్ దీనికి పరిష్కారం కాదు, దాని లోపలి వేడి నాలుగైదు డిగ్రీలకు మించదు, అన్ని రోజులు ఆ చలిని పిండం తట్టుకోలేదు. పల్లెల్లో ఎప్పటినుంచో వాడుతున్న కుండ పద్ధతి దీనికంటే నయం. వెడల్పాటి మట్టి తొట్టిలో ఇసుక పోసి తడిపి, అందులో సగం వరకు దిగేలా ఒక మట్టి కుండ పెట్టి, కుండ లోపల పొడి ఊక వేసి, గుడ్లను సన్నని కొన కిందికి ఉండేలా పేర్చి, పైన పలుచని గుడ్డ కట్టి నీడలో గాలి ఆడే చోట ఉంచాలి. రెండు పూటలా ఇసుకను తడపాలి, కుండ లోపలికి మాత్రం తడి రానీయకూడదు. ఎండాకాలంలో గుడ్లను రోజుకు ఒకసారి కాక మూడు నాలుగు సార్లు ఏరి వెంటనే ఈ కుండలోకి చేర్చడం ముఖ్యం. కోస్తాలో ఉక్క పోసే రోజుల్లో కుండ అంతగా చల్లబడదు కాబట్టి అక్కడివారు నిల్వ రోజులను తగ్గించుకోవాలి.

ఎంత బాగా దాచినా వారం దాటితే పిల్లలొచ్చే అవకాశం రోజురోజుకూ తగ్గుతుంది. చలికాలంలో ఏడు రోజులు, వేసవిలో నాలుగు రోజులు అని నేను హద్దు పెట్టుకున్నాను. అంతలో పెట్టె నిండకపోతే సగం పెట్టెతోనే మొదలుపెడతాను. దూరం నుంచి బస్సులోనో బండి మీదో తెచ్చిన గుడ్లను వెంటనే పెట్టెలో పెట్టకుండా, వెడల్పు వైపు పైకి ఉంచి పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు కదలకుండా వదిలేయాలి. గుడ్డు లోపల వెడల్పు వైపున ఉండే గాలి గది కుదుపులకు చెదురుతుంది, ఆ వ్యవధిలో కుదురుకుంటుంది.

పెట్టెను ఎక్కడ ఉంచాలి, థర్మామీటర్‌ను ఎలా నమ్మాలి

పెట్టెకు ఎండ తగలని, కిటికీ గాలి నేరుగా కొట్టని, పగలూ రాత్రీ వేడిలో పెద్దగా తేడా లేని గది కావాలి. ఇంటి ఇంక్యుబేటర్ వేడి చేయగలదే తప్ప చల్లబరచలేదు. గది 40 డిగ్రీలైతే పెట్టెలోని బల్బు ఆరిపోయినా లోపలి వేడి 40కి తగ్గదు, ఆ వేడి కొన్ని గంటలు సాగితే పిండాలు బతకవు. రేకుల ఇంట్లోనో, పడమటి గోడను ఆనుకునో పెట్టె ఉంచి మే నెలలో పొదిగించడం వృథా ప్రయాస. చల్లటి గది లేనివారు ఆ ఎండలు తగ్గేదాకా మానుకుని జూన్ చివరి నుంచి మొదలుపెట్టడం ఉత్తమం.

ఫ్యాన్ ఉన్న పెట్టెలో లోపలంతా 37.5 నుంచి 37.8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్యాన్ లేని పెట్టెలో వేడి గాలి పైన చేరుతుంది కనుక గుడ్ల పైభాగం ఎత్తులో కొలిచినప్పుడు 38.5 నుంచి 38.9 వరకు చూపాలి. ఫ్యాన్ లేని పెట్టె అడుగున థర్మామీటర్ పడేసి 37.5 ఉందని తృప్తిపడితే పైన ఎంత ఉందో తెలియదు. చేయగలిగితే ఒక చిన్న 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ అమర్చుకోవడం మంచిది.

నా మొదటి దఫాలో ముప్పై గుడ్లు పెట్టాను. పెట్టె తెర మీద ఇరవై రోజులూ 37.5 అనే అంకె కదలకుండా నిలిచింది. పందొమ్మిదో రోజు రాత్రికే పిల్లలు పెంకు పొడవడం మొదలుపెట్టాయి, తొమ్మిది మాత్రమే బయటికొచ్చాయి, వాటిలో కొన్నింటికి బొడ్డు మూసుకోక నెత్తుటి చెమ్మ కనిపించింది. అప్పుడు జ్వరం చూసుకునే థర్మామీటర్‌ను లోపల పెట్టి చూస్తే పెట్టె ఒక డిగ్రీకి పైగా తక్కువ చూపుతోందని తేలింది. ఆ అంకెను నేను ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు, ఆ ఇరవై ఒక్క గుడ్లు అందుకే పోయాయి.

సరిచూసే పద్ధతి తేలిక. మందుల దుకాణంలో దొరికే జ్వరం థర్మామీటర్ సరిగ్గా మనకు కావలసిన 37, 38 డిగ్రీల దగ్గరే ఖచ్చితంగా పనిచేసేలా తయారవుతుంది. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, జ్వరం థర్మామీటర్ మొననూ వేడిని కొలిచే పెట్టె సెన్సర్ మొననూ పక్కపక్కనే ముంచి, నీటిని నెమ్మదిగా కలుపుతూ రెండు అంకెలూ చూడండి. తేడా ఎంతుందో కాగితం మీద రాసి పెట్టె మీద అంటించండి. పెట్టె వేడిని అదుపు చేసే కంట్రోలర్‌లో సవరించే వీలుంటే సవరించండి. జ్వరం థర్మామీటర్ ఫారెన్‌హీట్‌లో చూపితే 99.5 నుంచి 100 మధ్య అంకె మనకు కావలసింది. ఆ తరువాత సెన్సర్‌ను గుడ్ల పైభాగం ఎత్తులో, గుడ్డుకు తగలకుండా, బల్బుకు దూరంగా వేలాడదీయండి.

తేమ కొలిచే మీటర్లు ఇంకా ఎక్కువ అబద్ధం చెబుతాయి. ఒక సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేవరకే నీటి చుక్కలు కలిపి, ఆ మూతనూ మీటర్‌నూ గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి మీటర్ 75% చూపాలి. 68 చూపితే ఆ మీటర్ ఏడు తక్కువ చెబుతుందని గుర్తుంచుకుంటే చాలు, కొత్తది కొననక్కరలేదు.

బల్బులతో వేడిచేసే పెట్టెలో ఒక పెద్ద బల్బుకు బదులు రెండు చిన్నవి పెట్టుకోండి, ఒకటి మాడిపోయినా రెండోది గుడ్లను కొంతవరకు కాపాడుతుంది. గుడ్లు పెట్టకముందు లోపలి భాగాన్ని సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెట్టి, ఖాళీ పెట్టెను పూర్తిగా ఒక పగలూ ఒక రాత్రీ నడిపించి, వేడి ఎంత మేర ఊగుతోందో చూడాలి. పెద్ద హేచరీలలో ఫార్మలిన్ పొగ వేస్తారని విని ఇంట్లో ఆ ప్రయత్నం చేయకండి, ఆ ఆవిరి కళ్లకూ ఊపిరితిత్తులకూ చాలా ప్రమాదం.

గుడ్లు పెట్టే రోజు

కుండలోంచి తీసిన గుడ్లను ఆరేడు గంటలు గదిలో ఉంచి గది వేడికి రానివ్వండి. చల్లటి గుడ్డును నేరుగా వేడి పెట్టెలో పెడితే పెంకు మీద చెమట పట్టి క్రిములకు దారి ఇస్తుంది. ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో ఒక వైపు సున్నా, మరో వైపు ఇంటూ గుర్తు వేసి తేదీ రాయండి, పెన్ను సిరా మంచిది కాదు. చేత్తో తిప్పే పెట్టెలో గుడ్లను పడుకోబెట్టాలి, ట్రే ఉన్న యంత్రంలో వెడల్పు వైపు పైకి, సన్న కొన కిందికి ఉండాలి. ఇది తారుమారైతే పిల్ల తల గాలి గదికి దూరమై లోపలే చిక్కుకుంటుంది.

అన్ని గుడ్లనూ ఒకేసారి పెట్టండి. రోజుకు రెండు చొప్పున చేర్చుకుంటూ పోతే చివరి మూడు రోజుల నియమాలు ఏ గుడ్డుకూ కుదరవు. గుడ్లు పెట్టాక లోపలి వేడి పడిపోతుంది, తిరిగి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ సమయంలో కంగారుపడి కంట్రోలర్ అంకెను పెంచవద్దు. రోజుల లెక్కలో కూడా పొరపాటు జరుగుతూ ఉంటుంది: ఆదివారం సాయంత్రం పెడితే సోమవారం సాయంత్రానికి ఒక రోజు నిండుతుంది, సరిగ్గా మూడు వారాలకు, ఆదివారం సాయంత్రానికి, ఇరవై ఒకటి నిండుతాయి.

తిప్పడం

పిండం పచ్చసొన పైభాగాన తేలుతూ ఉంటుంది. గుడ్డు కదలకుండా పడి ఉంటే పచ్చసొన మెల్లగా పైకి తేలి, పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుని చచ్చిపోతుంది. గంపలోని పెట్ట ముక్కుతో గుడ్లను తరచూ దొర్లిస్తూ ఉండేది ఇందుకే. చేత్తో తిప్పేవారు రోజుకు కనీసం మూడు సార్లు, కుదిరితే అయిదు సార్లు తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే, అన్నిటికంటే పొడవైన విరామమైన రాత్రి వేళ గుడ్డు ఒక రోజు సున్నా వైపు, మరుసటి రోజు ఇంటూ వైపు ఉంటుంది. ఎప్పుడూ ఒకే దిక్కుకు చుట్టకుండా, ఒకసారి ముందుకు తిప్పితే మరోసారి వెనక్కు తిప్పండి. మొదటి వారంలో ఈ పని తప్పడం అన్నిటికంటే నష్టం. ఆటోమేటిక్ ట్రే ఉన్నవారు మోటారు నిజంగా తిరుగుతోందో లేదో రోజూ ఒకసారి చూసుకోవాలి. పద్దెనిమిదో రోజు నిండాక తిప్పడం పూర్తిగా ఆపేయాలి.

తేమ: అన్ని ఊళ్లకూ ఒకే లెక్క పనికిరాదు

మొదటి పద్దెనిమిది రోజులు 45 నుంచి 55% తేమ, చివరి మూడు రోజులు 65 నుంచి 70% అన్నది సాధారణంగా చెప్పే లెక్క. దాని వెనక ఉన్న కారణం తెలిస్తే ఆ అంకెలను మన ఊరికి తగినట్లు వాడుకోవచ్చు. గుడ్డులోని నీరు రంధ్రాల గుండా ఆవిరవుతూ ఉంటుంది, పోయిన నీటి స్థానంలో వెడల్పు వైపున గాలి గది పెరుగుతుంది. చివర్లో పిల్ల తన మొదటి ఊపిరి పీల్చుకునేది ఆ గదిలోంచే. తేమ ఎక్కువైతే గాలి గది చిన్నదిగా మిగిలి, పిల్ల ఉబ్బి, లోపలి నీటిలోనే ఊపిరాడక పోతుంది. తేమ తక్కువైతే పొరలు తోలులా ఎండి పిల్లను కదలనివ్వవు.

ఇప్పుడు రెండు ఊళ్లను పోల్చి చూడండి. ఆగస్టులో కాకినాడలోనో మచిలీపట్నంలోనో బయట 28 డిగ్రీల వేడి, 85% తేమ ఉందనుకుందాం. అదే గాలి పెట్టెలో 37.5 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ దాదాపు 50%కి దిగుతుంది. అంటే పెట్టెలో చుక్క నీరు పెట్టనక్కరలేదు, పెడితేనే హాని. జనవరిలో ఆదిలాబాద్‌లో 20 డిగ్రీల వేడి, 60% తేమ ఉన్న గాలి అదే పెట్టెలోకి వెళితే 22% దగ్గరికి పడిపోతుంది. అక్కడ నీటి గిన్నె లేకుండా పిల్లలు రావు. యంత్రంతో వచ్చిన కాగితంలో నీటి గిన్నెలు రెండూ నింపమని ఉందని కోస్తాలో వానాకాలంలో నింపడం వల్ల నిండుగా ఎదిగిన పిల్లలు లోపలే పోవడం చాలా ఇళ్లలో జరుగుతోంది.

తేమ పెరగాలంటే గిన్నె లోతు కాక వెడల్పు పెరగాలి, ఎందుకంటే ఆవిరయ్యేది పైతలం నుంచే. వెడల్పాటి పళ్లెం పెట్టండి, లేదా నీళ్లలో స్పాంజి ముక్క నిలబెట్టండి. గుడ్ల మీద నీళ్లు చిలకరించడం అవసరం లేదు. గాలి రంధ్రాలను మూసి తేమ పెంచడం మాత్రం చేయకండి, పిండాలు ఎదిగేకొద్దీ వాటికి ఎక్కువ గాలి కావాలి.

మీటర్ కంటే నమ్మదగిన కొలత బరువు. గుడ్డు పద్దెనిమిదో రోజుకు తన మొదటి బరువులో 12 నుంచి 13% కోల్పోవాలి. పెట్టే రోజున ఒక పది గుడ్లను ఎలక్ట్రానిక్ కాటా మీద కలిపి తూచండి. అవి 500 గ్రాములు ఉంటే, ఏడో రోజుకు దాదాపు 475 నుంచి 477, పద్దెనిమిదో రోజుకు 435 నుంచి 440 గ్రాముల మధ్యకు రావాలి. ఏడో రోజున 485 ఉంటే తేమ ఎక్కువైందని అర్థం, నీళ్లు తీసేయండి. 468కి పడిపోతే పళ్లెం పెంచండి. ఈ సవరణకు మధ్యలో పది రోజుల వ్యవధి దొరుకుతుంది, అదే దీనిలోని మేలు.

వెలుతురులో చూడడం

చీకటి గదిలో మొబైల్ టార్చి మీద చిన్న రంధ్రం చేసిన అట్టముక్క పెట్టి, గుడ్డు వెడల్పు వైపును ఆ రంధ్రానికి ఆనించి చూస్తే లోపలిదంతా తెలుస్తుంది. ఏడో రోజున బతికున్న గుడ్డులో ఒక నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెగూడులా ఎర్రటి నరాలు కనబడతాయి, కొన్నిసార్లు ఆ చుక్క కదులుతుంది కూడా. ఏమీ లేకుండా తేటగా పచ్చగా వెలిగితే ఆ గుడ్డులో పిండం ఎదగలేదన్నమాట. నరాలు లేకుండా ఒక ఎర్రటి వలయం మాత్రమే ఉంటే పిండం మొదలై చనిపోయింది. ఈ రెండు రకాలనూ తీసేయండి. అనుమానం ఉన్నదానికి గుర్తు పెట్టి మరో మూడు రోజులు ఆగి చూడండి.

పద్నాలుగో రోజున గుడ్డు చాలావరకు నల్లబడి, గాలి గది స్పష్టంగా కనబడుతుంది. చనిపోయిన గుడ్డును ఉంచేస్తే మురిగి, లోపల వాయువు నిండి పగులుతుంది, ఆ మురుగు చుట్టుపక్కల గుడ్లన్నిటినీ పాడుచేస్తుంది. పెట్టె తెరవగానే దుర్వాసన వస్తే ఆ గుడ్డును వెతికి, ఊపకుండా, కవర్లో పెట్టి బయటికి తీసుకెళ్లండి. ఈ పరీక్షలకు పెట్టె బయట పదిహేను నిమిషాలు ఉన్నా గుడ్లకు ఏమీ కాదు. పెట్ట కూడా రోజూ మేతకు లేచి అంతసేపు బయట తిరిగే వస్తుంది.

కరెంటు పోయినప్పుడు

గంటలోపు కోతకు ఏమీ చేయకండి, మూత మాత్రం తీయకండి. అంతకు మించితే పెట్టె మీద దుప్పటి కప్పండి, రెండో వారం దాటిన గుడ్లయితే గాలి రంధ్రాలు తెరిచే ఉంచాలి. మూడు నాలుగు గంటలు దాటేలా ఉంటే వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి గుడ్లకు తగలకుండా లోపల మూలల్లో పెట్టండి. పిండాలు కొన్ని గంటల చల్లదనాన్ని తట్టుకుంటాయి, పిల్లలు ఒక రోజు ఆలస్యంగా వస్తాయి, అంతే. అతివేడి మాత్రం అలా క్షమించదు, అందుకే సీసాలు మరీ వేడిగా పెట్టకూడదు, థర్మామీటర్ 38 దాటుతుంటే ఒకటి తీసేయాలి. తరచూ కోతలున్న ఊళ్లో 12 వోల్టుల బ్యాటరీతో కూడా నడిచే పెట్టె కొనడమో, ఇంటి ఇన్వర్టర్‌కు కలపడమో మంచిది. కరెంటు వచ్చాక కంట్రోలర్ పాత అంకెకే వచ్చిందో లేదో చూడడం మరవకండి.

పద్నాలుగో రోజు దాటాక గుడ్లే స్వయంగా వేడి పుట్టిస్తాయి. నిండుగా ఉన్న పెట్టెలో లోపలి వేడి కంట్రోలర్ అంకెను మించిపోవచ్చు. అప్పటినుంచి పద్దెనిమిదో రోజు దాకా రోజుకు రెండు మూడు సార్లు జ్వరం థర్మామీటర్‌తో సరిచూసుకోండి.

చివరి మూడు రోజులు

పద్దెనిమిదో రోజు నిండగానే ఆఖరిసారి వెలుతురులో చూసి, బతికున్న గుడ్లను మాత్రమే ఉంచి, ట్రే తీసి, గరుకైన వల లేదా మందపాటి నూలు గుడ్డ పరిచి గుడ్లను దాని మీద పడుకోబెట్టండి. నున్నని కాగితం మీద పుట్టిన పిల్లల కాళ్లు జారి రెండు వైపులకు విచ్చుకుపోతాయి. తేమను 65 నుంచి 70%కి పెంచి, నీళ్లు చాలినన్ని పోసి, గాలి రంధ్రాలు పూర్తిగా తెరిచి, మూత వేయండి. ఇక పిల్లలు పుట్టి ఆరేదాకా ఆ మూత తీయకూడదు.

ఈ నియమం ఎందుకంత గట్టిదో చెప్పాలి. దాదాపు ఇరవయ్యో రోజున పిల్ల లోపలి పొరను పొడిచి గాలి గదిలోకి ముక్కు పెడుతుంది, అప్పటినుంచి గుడ్డులోంచి కిచకిచలు వినిపిస్తాయి. కొన్ని గంటల తరువాత ముక్కు చివర ఉండే గుడ్డుపన్నుతో పెంకు మీద చిన్న పొక్కు కొడుతుంది. ఆ తరువాత పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలు, ఏమీ జరగనట్లే ఉంటుంది. చూసేవారి మనసు అల్లాడేది ఇక్కడే. కానీ ఆ సమయంలో పిల్ల ఊరుకుని లేదు: దాని ఊపిరితిత్తులు పని నేర్చుకుంటున్నాయి, పెంకు లోపలి పొరలో పారుతున్న నెత్తురు ఒంట్లోకి వెనక్కు చేరుతోంది, మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా కడుపులోకి వెళుతోంది. ఇవన్నీ పూర్తయ్యాక పిల్ల గుండ్రంగా తిరుగుతూ పెంకును మూతలా కోసి, ఒక గంటలోపే బయటపడుతుంది. మనం ముందే పెంకు ఒలిస్తే నెత్తురు కారి, పచ్చసొన బయటే ఉండిపోయి పిల్ల చచ్చిపోతుంది. ఒక పిల్లను చూద్దామని మూత తీస్తే, బయటికి పోయిన తేమతో పక్కన పొక్కు కొట్టి ఉన్న నాలుగు గుడ్ల పొరలు ఎండి ఆ పిల్లలను బిగించేస్తాయి.

ముందు పుట్టిన పిల్లలు లోపల ఆకలితో ఉంటాయన్న దిగులు వద్దు. కడుపులోకి వెళ్లిన పచ్చసొన వాటికి రెండు రోజులకు పైగా సరిపోతుంది. వాటి కిచకిచలు మిగిలిన గుడ్లలోని పిల్లలను హుషారు చేస్తాయి కూడా.

సాయం చేయవలసిన సందర్భం ఒకటే ఉంది. పొక్కు కొట్టి ఇరవై నాలుగు గంటలు దాటి, పొర తెల్లగా కాగితంలా ఎండి, పిల్ల ఇంకా కూస్తూ ఉంటే, గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో ఆ పొర అంచును తడిపి, పొక్కును గోరంత వెడల్పు చేసి మళ్లీ లోపల పెట్టండి. నెత్తురు కనబడిన క్షణమే ఆపేయాలి.

బయటికి తీశాక

బొచ్చు ఆరి పూలబంతుల్లా అయ్యాక పిల్లలన్నిటినీ ఒకేసారి తీసి బ్రూడర్‌లోకి, అంటే వాటిని వెచ్చగా ఉంచే పెట్టెలోకి, మార్చండి. ఊక మీద గోనెగుడ్డ పరిచిన అట్టపెట్టె, పైన ఒక బల్బు చాలు. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు, ఆపైన వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. పిల్లలు బల్బు కింద గుంపు కడితే చలి, అంచులకు పోయి నోళ్లు తెరిస్తే వేడి, అంతటా పరుచుకుని తిరిగితే సరిగ్గా ఉన్నట్లు. ముందుగా నీళ్లు తాగించాలి, మునగకుండా నీటి పళ్లెంలో గులకరాళ్లు వేయాలి. తరువాత స్టార్టర్ దాణా గానీ, మెత్తగా మర పట్టించిన మొక్కజొన్న నూక గానీ ఇవ్వవచ్చు, అయితే నూక ఒకటి రెండు రోజులకే. అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు కంట్లో వేయించాలి. మిగతా టీకాల వరుసను దగ్గరి పశువైద్యశాలలో అడిగి రాసుకోండి.

మిగిలిన గుడ్లను పగలగొట్టి చూడడం

ఇరవై మూడో రోజు దాకా ఆగి, మిగిలిన గుడ్లను పారేయకుండా పెరట్లోకి తీసుకెళ్లి ఒక్కొక్కటిగా వెడల్పు వైపు నుంచి తెరవండి. వాసన భరించడం కష్టమే, కానీ తరువాతి దఫాకు కావలసిన సమాచారమంతా అక్కడే ఉంటుంది. ఏడో రోజు తీసేసిన వాటిలో ఎక్కువ భాగం తేట గుడ్లే అయితే పుంజును చూడండి: ముసలిదా, పెట్టలు ఎక్కువయ్యాయా, లేక ఎండలకు నీరసించిందా అని. నెత్తుటి వలయాలు ఎక్కువైతే నిల్వలో వేడి తగిలింది, లేదా మొదటి రోజుల్లో పెట్టె వేడెక్కింది. నిండుగా ఎదిగిన పిల్ల ఉబ్బి, చుట్టూ నీరు ఉంటే తేమ ఎక్కువ. పిల్ల పొరకు అతుక్కుని ఎండి ఉంటే తేమ తక్కువ, లేదా చివర్లో మూత తెరిచారు. ముక్కు సన్న కొన వైపు ఉంటే గుడ్డు తలకిందులుగా పెట్టి ఉండవచ్చు, లేదా తిప్పడంలో లోపం జరిగి ఉండవచ్చు. అన్ని పిల్లలూ ఒక రోజు ముందే వచ్చి బొడ్లు మూసుకోకపోతే వేడి ఎక్కువ, ఇరవై రెండో రోజు దాటి నీరసంగా వస్తే వేడి తక్కువ.

ఈ లెక్కలన్నీ ఒక నోటు పుస్తకంలో తేదీతో సహా రాసుకోండి: ఎన్ని గుడ్లు పెట్టారు, ఎన్ని తేటవి, ఎన్ని మధ్యలో పోయాయి, పది గుడ్ల బరువు ఏడో రోజున ఎంత, గది వేడి ఎంత, కరెంటు ఎన్ని గంటలు లేదు. పిండం ఎదిగిన ప్రతి పది గుడ్లకు ఏడెనిమిది పిల్లలు వస్తుంటే ఇంటి పెట్టెకు అది మంచి ఫలితం. అంతకంటే తగ్గితే, పైన చెప్పిన వాటిలో ఒక్కదాన్ని మాత్రమే మార్చి తరువాతి దఫా పెట్టండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.